పక్షులకు గూళ్లు గట్టించిన వాటర్టన్ దొర

మనుష్యుఁడు తనకు ఇల్లు గట్టుకొనుట వింత గాదు. నోరులేని జీవములకు ఇల్లు గట్టినవారు అరుదు. అందును, చూచినవారెల్ల అపశకునమని తఱిమికొట్టెడి పక్షికి ఇల్లు గట్టించిన వాని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనఁదగినది. అట్టివాఁడు చార్లెస్ వాటర్టన్ దొర.

ఇతఁడు 1782 వ సంవత్సరము జూన్ 3 వ తేదీన ఇంగ్లండు దేశమునందు, యార్క్‌షైర్ మండలములో వేక్‌ఫీల్డ్ పట్టణమునకు సమీపమున నున్న వాల్టన్ హాల్ అను భవనమునఁ బుట్టెను. ఆ భవనము ఒక చెఱువు నడుమ దీవిపై నున్నది. బాల్యమునుండియు ఇతనికి పశుపక్ష్యాదులనిన మిక్కిలి ప్రీతి. 1796 లో స్టోనీహర్స్ట్ పాఠశాలలోఁ జేరెను. అచ్చటి గురువులు బాలుని స్వభావమును గనిపెట్టి, దానిని బెత్తముతో నణఁచుటకు మాఱుగా, పాఠశాలలోని యెలుకలను బట్టు పనిని వానికే విడిచిపెట్టిరి. ఉపాధ్యాయులమగు మేము దీనిని గమనింపవలసియున్నది.

1804 లో ఇతఁడు దక్షిణ అమెరికాలోని డెమరారాకుఁ బోయి తన బంధువుల తోటలను జూచుచుండెను. ఆ తోటలలోఁ బనిచేయువారు బానిసలు. బానిసత్వము సమర్థింపరానిదని తరువాత నితఁడే వ్రాసెను. అయినను కొన్నియేండ్లు ఆ కొలువులోనే యుండెననుట దాఁచరాని సత్యము. ఆ దేశముననే జాన్ ఎడ్మన్‌స్టన్ అను బానిసకు చచ్చిన పక్షుల చర్మమును జెడకుండ నిలుపు విద్యను నేర్పెను. స్వతంత్రుఁడైన పిమ్మట ఎడ్మన్‌స్టన్ ఎడిన్‌బరో నగరమున ఆ విద్యను చార్లెస్ డార్విన్ అను విద్యార్థికి బోధించెను. 1812 మొదలు 1824 వఱకు వాటర్టన్ నాలుగు మాఱులు సంచారయాత్రలు చేసి, వానిని గూర్చి 1825 లో ఒక గ్రంథమును బ్రకటించెను.

మొదటి యాత్రలో జ్వరముచేఁ గృశించి, 1813 లో స్వదేశమునకుఁ దిరిగివచ్చెను. అంతవఱకు వాల్టన్ హాలులో గుడ్లగూబలకు బ్రదుకు లేదు. ఇంటి పెత్తనము చేయు వృద్ధురాలు వాని కూఁత విన్నచో నింటికిఁ గీడు వచ్చునని భయపడుచుండెను. వేఁట కావలివాఁడును ఆమె మాటనే నమ్మి వానిని జంపుచుండెను. రోగబాధ ననుభవించి దయ నేర్చుకొని వచ్చిన వాటర్టన్ ఈ హింసను మాన్పించెను. అంతటితో నూరకుండక, చెఱువుగట్టున శిథిలమైయున్న పాత ద్వారముపై, రాతితోను సున్నముతోను నాలుగడుగుల చదరపు గది నొకటి కట్టించి, అందుఁ బక్షి కూర్చుండుటకు లావైన ఓక్ కఱ్ఱను బిగించెను. సుమారు నెల దినములకు గుడ్లగూబల జంట యొకటి వచ్చి యందుఁ గాపురము పెట్టెను.

గుడ్లగూబ యెలుకను ముక్కలు చేయక మ్రింగి, జీర్ణముగాని యెముకలను వెండ్రుకలను ఉండలుగాఁ గ్రక్కివేయును. వాటర్టన్ ఆ యుండలను విప్పి చూడఁగా, ఒక్కొక్క దానిలో నాలుగు మొదలు ఏడు వఱకు ఎలుకల యస్థులు గనఁబడెను. పదునాఱు నెలలలో ఒక బుషెల్, అనఁగా సుమారు 36 లీటర్లకు మించిన యుండలు ఆ గదిలోఁ బోగయ్యెను. పిల్లలున్నప్పుడు తల్లిదండ్రులు పండ్రెండు, పదునైదు నిమిషముల కొక యెలుకను దెచ్చుచుండెను. కీడు తెచ్చునన్న పక్షి గాదెలలోని ధాన్యమును గాపాడుచున్నదని ఇట్లు వెల్లడియయ్యెను. వాదములతోఁ దొలఁగని మూఢవిశ్వాసము ఎముకల లెక్కతోఁ దొలఁగఁదగినదయ్యెను.

పిమ్మట 1821 లో ఆరంభించి 1826 లోపల తన వనము చుట్టును మూఁడు మైళ్ల గోడను గట్టించెను. దానికి సుమారు 9,000 పౌనులు వ్యయమయ్యెను. తాను మద్యము ముట్టక మిగిల్చిన సొమ్ముతోనే దానిని గట్టితినని చెప్పుకొనెడివాఁడు. ఆ గోడ లోపలఁ దుపాకి మ్రోఁగరాదు. తొఱ్ఱలుగల ముసలి చెట్లను నఱకనీయఁడు. మన గోరువంకకు జ్ఞాతియగు స్టార్లింగు పక్షులకై శిథిల గృహమున ఇరువదినాలుగు రంధ్రములు చేయించెను. ఇసుకగట్లలో గూడు తొలుచుకొను చిన్న పక్షులకై గోడలో గొట్టము లమర్పించెను. అందువలననే పలువురు ఇతనిని గూటిపెట్టెలకు మూలపురుషునిగా నెన్నుదురు.

ఇతని గృహజీవితము దుఃఖభరితము. 1829 లో వివాహమాడిన భార్య, మఱుసటి యేఁట ఎడ్మండ్ అను కుమారునిఁ గని మరణించెను. నాఁటినుండి ఇతఁడు నేలపైఁ బండుకొని కఱ్ఱదిమ్మెను దలగడగాఁ జేసికొనెను. సమీపమున నున్న సబ్బు కర్మాగారపు విషపుఁ బొగయు మురికినీరును చెట్లను జెఱచుచుండఁగా, న్యాయస్థానములలోఁ జిరకాలము పోరాడెను. 1865 మేలో తోటలో కాలుదట్టి పడి, 27 వ తేదీన, 82 యేండ్ల ప్రాయమున మృతినొందెను. అతని దేహమును పడవపై చెఱువు దాఁటించి పూడ్చిరి. తరువాత కుమారుఁడు ఆ యాస్తి నమ్మివేసెను. ఒక్కని హృదయమును మాత్రమే యాశ్రయించిన ధర్మము, అతనితోనే క్షీణించునని దీనివలన నేర్చుకొనవలయును.

అయినను ఆ పని యాఱిపోలేదు. జర్మనీ దేశమున సీబాక్ గ్రామమందలి హాన్స్ ఫాన్ బెర్లెప్ష్ ప్రభువు (1857–1933) వడ్రంగిపిట్ట తొలిచిన తొఱ్ఱలను బరీక్షించి, అదే యాకారమున దుంగలను దొలిపించి చెట్లకుఁ గట్టించెను. మన బాలురును పిచ్చుకకు ఇట్టి పెట్టెను సులువుగాఁ జేయవచ్చును. రంగు పూయని పలకలు తీసికొని, ద్వారమును 1¼ అంగుళముల వెడల్పున గుండ్రముగాఁ దొలువవలెను. ద్వారమునుండి అడుగుపలకకు అయిదంగుళముల లోతైన నుండవలెను. పైకప్పు ముందునకు వాలవలెను. అడుగున నీరు పోవుటకు సన్నని బెజ్జములుండవలెను. ద్వారము ముందు కఱ్ఱ నిలుపరాదు. అది పిల్లికిని కాకికిని మెట్టగును. పెట్టెను ఎండ సోఁకని చోట, పిల్లి యందని యెత్తున గట్టి, పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట శుభ్రము చేయవలెను.

ప్రియవిద్యార్థులారా! మన యూళ్లలోను గుడ్లగూబను జూచి రాళ్లు రువ్వువారు గలరు. ఇఁకమీఁద రాయి యెత్తిన చేయి నొకటి చూచినప్పుడు, వాల్టన్ హాలులోని యా నాలుగడుగుల గదిని, అందలి యెలుకల యెముకలను దలఁచుకొని, ఆ చేతిని మెల్లగాఁ బట్టుకొనుఁడు.