క్లౌ దొరగారి భార్య ఎమ్మా

పల్లెల్లో జీతం పాస్టరుగారికి, చాకిరీ పాస్టరమ్మకు. బడి చూడాలి, పాటలు నేర్పాలి, వేళగాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టాలి. చదువుకున్నదైతే మరీ మంచిది, అదీ ఉచితమే!

నరసరావుపేట, వినుకొండ ప్రాంతాలు ఒకప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషను కిందివే. ఆ మిషను నడిపిన క్లౌ దొరగారిని, మొదటి భార్య హారియెట్ మరణించాక, 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్ పెళ్లాడారు. ఆమె అమెరికా నుంచి 1882లోనే మిషనరీగా వచ్చినవారు. స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధించి, స్విట్జర్లాండులో డాక్టరేటు పొందిన విదుషి. ఒంగోలు వైపు మాదిగల కథలను 1899లో పుస్తకంగా తెచ్చారు.

దొరగారు 1910లో మరణించారు. ఆయన స్వీయచరిత్రగా 1914లో వెలువడిన పుస్తకం రాసింది ఆమే. రచయితగా దొరగారి పేరే వేశారు. ఆయన కోసం భార్య రాసిపెట్టిందని కింద అచ్చువేశారు.