అదుపు తప్పిన కణాలకు కళ్లెం వేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన వయసు వారిని ఎక్కువగా భయపెట్టే జబ్బు క్యాన్సర్. దానికి వాడే మొదటి మందుల్లో ఒకటి మన తెలుగువాని పరిశోధనా ఫలమని యువతరంలో చాలామందికి తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ మహనీయుని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మన కూచిపూడికి ఈశాన్యంగా, ఉప్పుటేరుకు అవతల ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న సుబ్బారావు గారు జన్మించారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకుంది.

తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డులో పరిశోధన చేశారు. శరీరంలో శక్తి నిలవ ఉండే తీరు మీద ఫిస్కే గారితో కలిసి చేసిన కృషికి పేరు వచ్చినా, అక్కడ స్థిరమైన పదవి మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా అది మందుగా పనికొచ్చింది. మన డెల్టాలో బోదకాలు నివారణకు ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం కృషే.

ఇక అసలు విషయం. మన ఒంట్లో కణాలు అవసరం మేరకు విభజన చెంది, పాతవాటి స్థానం భర్తీ చేస్తాయి. ఆ అదుపు తప్పితే కంతి ఏర్పడుతుంది. కొన్ని కంతులు ఉన్నచోటే ఉండిపోతాయి. కొన్ని మాత్రం పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయి, రక్తం ద్వారా దూరపు అవయవాలకూ పాకుతాయి. అదే క్యాన్సర్. రక్త క్యాన్సర్‌లో కంతి లేకుండానే తెల్లకణాలు విపరీతంగా పెరుగుతాయి.

కణం రెండు కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందును సుబ్బారావు గారి బృందం తయారు చేసింది. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు దానిని వాడగా, 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ల విడుదల చేసింది.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి కూడా ఇస్తారు. అయితే కీళ్లవాతానికి దానిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. సభ్యులు గమనించగలరు.

చివరిగా ఒక మనవి. మానని పుండు, తగ్గని బొంగురు గొంతు, రొమ్ములో గడ్డ, అకారణంగా రక్తస్రావం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే సిగ్గుపడి దాచవద్దు. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు; అవునో కాదో చెప్పవలసింది పరీక్ష. చుట్ట, ఖైనీ అలవాటున్న వారు నోరు చూపించుకోవాలి. ఒక మనిషి జీవితమంతా ధారపోసి కనిపెట్టిన మందైనా, సకాలంలో వైద్యుని దగ్గరకు వెళ్లిన వారికే బాగా అక్కరకొస్తుంది.