తిథినాటి పాట: బెంగుళూరు నాగరత్నమ్మ గారిని తలచుకుంటూ

కిందటి ఏడు మా సంఘ సభ్యులొకరు కాలం చేశారు. త్యాగరాజ కీర్తనలంటే ఆయనకు ప్రాణం. పదకొండో రోజున ఆయన కూతురు, నాన్నగారికి ఇష్టమైన కీర్తన ఒకటి పాడతానంది. చావింట్లో పాటేమిటి, అందులోనూ ఆడపిల్ల పాడటమేమిటని బంధువుల్లో ఒక పెద్దాయన అడ్డుపడ్డారు. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. సంఘం కార్యదర్శినై ఉండి, అక్కడే కూర్చుని, నేనూ నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి నాకు నాగరత్నమ్మ గారు పదేపదే గుర్తొస్తున్నారు.

ఆవిడ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కుటుంబంలోని గాయని. కూతురికి సంగీతం, సంస్కృతం చెప్పించాలని ఆ తల్లి ఎన్నో అవస్థలు పడింది. నాగరత్నమ్మకు పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే ఆమె కన్నుమూసింది.

బెంగుళూరులో మునుస్వామప్ప గారు ఆవిడకు గురువు. ఆయన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్ శిష్యులు. ఆ భాగవతార్ తండ్రి వెంకటరమణ భాగవతార్ త్యాగరాజస్వామి దగ్గర నేరుగా నేర్చుకున్నవారు. సంగీతంలో గురువంటే తండ్రి వరుస. ఆ లెక్కన స్వామి ఆవిడకు ఇంటి పెద్దే.

మైసూరు ఆస్థానంలో పాడి పేరు తెచ్చుకుని, తరవాత మద్రాసు చేరి గొప్ప విద్వాంసురాలిగా నిలబడ్డారు. తెలుగు కావ్యాలు కూడా బాగా చదివారు. తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని ఏమీ కొట్టివేయకుండా పూర్తిగా 1910లో అచ్చు వేయించారు. బూతు పుస్తకమని ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది. ఒక ఆడమనిషి గొంతు నొక్కేస్తే చూస్తూ ఊరుకోకపోవడం ఆవిడ స్వభావం.

ఇక తిరువయ్యారు సంగతి. కాకర్ల వారి త్యాగరాజస్వామి మనలాగే తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. చివరిలో సన్యాసం తీసుకుని 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున సమాధి చేశారు. గృహస్థుకైతే ఆబ్దికం అంటాం, సన్యాసికైతే ఆరాధన అంటాం. ఏటా రేడియోలోనూ టీవీలోనూ మనం వినే త్యాగరాజ ఆరాధన అసలు ఆయన పోయిన తిథి. ఈ సంగతి మనలో చాలామంది మరిచిపోయాం.

మొదట్లో శిష్యులు ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఆ తిథి జరుపుకునేవారు. సమాధిని పట్టించుకునేవారు లేకపోయారు. 1903లో ఉమయాళ్పురం సోదరులు వచ్చి బాగుచేయించారు. తరవాత విద్వాంసులు చేరి పాడటం మొదలైంది. రెండు కట్చీలు ఏర్పడి గొడవలూ వచ్చాయి. సమాధి మళ్ళీ పాడుబడింది. ఆ దుస్థితిని బిడారం కృష్ణప్ప గారు ఉత్తరం ద్వారా నాగరత్నమ్మ గారికి తెలియజేశారు.

ఆవిడ ఊరుకోలేదు. సొంత డబ్బు పెట్టి 1921లో పని మొదలుపెట్టించారు. 1925 జనవరిలో మందిరానికి కుంభాభిషేకం జరిగింది. అంతా చేశాక, ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదని రెండు కట్చీల వారూ అన్నారు. తాను కట్టించిన గుడిలో, తన గురువంశానికి పెద్దయిన మనిషి తిథికి, పాడే హక్కు ఆవిడకే లేదన్నమాట!

ఆవిడ అలిగి వెళ్ళిపోలేదు. 1927 నుంచి సాటి కళాకారిణులను కూడగట్టి, సమాధి వెనక పక్కన వేరుగా ఆరాధన జరిపారు. హరికథ చెప్పారు, పాడారు, పాడించారు. చివరికి 1940 ప్రాంతంలో అన్ని వర్గాలూ ఒకటయ్యాయి. ఇప్పుడు పంచమినాడు ఆడా మగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడుతున్నారంటే దాని వెనక ఆవిడ పట్టుదల ఉంది.

చివరి రోజులు తిరువయ్యారులోనే గడిపి, 1952 మే 19న కన్నుమూశారు. స్వామి సమాధికి ఎదురుగానే ఆవిడ సమాధి ఉంది. అక్కడ ఆవిడ విగ్రహం ఇప్పటికీ చేతులు జోడించి స్వామివైపే చూస్తూ ఉంటుంది.

తద్దినం మంత్రాలు కర్త చేత చెప్పిస్తారు. మిగిలిన వాళ్ళ దుఃఖానికి అక్కడ చోటు తక్కువ. పాట ఆ చోటు ఇస్తుంది. పోయిన మనిషికి నచ్చిన కీర్తన పాడితే ఇంట్లో అందరూ ఒక్కచోట కూర్చుని ఏడవగలుగుతారు, కాసేపటికి ఆయన మాటలు చెప్పుకోగలుగుతారు. చావింట్లో పాట తప్పని ఆ పెద్దాయన అన్నారు. మన సంగీతంలో అన్నిటికంటే పెద్ద ఉత్సవమే ఒక మహానుభావుడి తిథి అని ఆనాడు నేను చెప్పి ఉండవలసింది.

వచ్చే నెల మా సభ్యుడి సంవత్సరీకం. ఆ పెద్దాయనతో ముందుగానే మాట్లాడి వస్తాను. ఆ రోజు సంఘం శ్రుతిపెట్టె తీసుకుని నేనే వెళతాను. ఆ అమ్మాయికి పాడాలని ఉంటే, మొదటి పాట ఆమెదే.