సర్ బార్న్స్ వాలిస్

చెరువుగట్టున నిలిచి, పెంకును నీటిపై ఏటవాలుగా విసరి, అది యెన్ని గెంతులు వేయునో లెక్కించుట పల్లెబాలురకు పరిచితమైన ఆట. ఆ ఆటలోని సూత్రముతోనే రెండవ ప్రపంచయుద్ధమున మహా ఆనకట్టలను ఛేదించిన ఇంజనీరు బార్న్స్ వాలిస్.

ఇతడు 1887వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన ఇంగ్లండులోని రిప్లీ పట్టణమున ఒక వైద్యుని కుమారుడుగా జన్మించెను. చదివినది క్రైస్ట్స్ హాస్పిటల్ అను పాఠశాల. పేరు చూచి వైద్యశాల యనుకొనరాదు. అది 1552లో పేదబిడ్డల విద్యకై వెలసిన ధర్మసంస్థ. పదునేడవ యేట చదువు మాని కర్మాగారమున పనికి కుదిరెను. ఇంజనీరింగు పట్టము 1922లోగాని లభింపలేదు.

బుట్ట అల్లినట్లు లోహపు బద్దలను ఏటవాలుగా పెనవైచి విమానపు చట్రమును నిర్మించుట ఇతని కల్పన. బుట్టలో నాలుగు బద్దలు విరిగినను బుట్ట విడిపోదు గదా! ఈ పద్ధతిని రూపొందిన వెల్లింగ్టన్ బాంబరులు ఒళ్లంతయు తూట్లుపడియు స్వస్థానము చేరుచుండెడివి. అట్టివి 11,000కు పైగా తయారైనవి.

జర్మనీలోని రూర్ పరిశ్రమలకు నీరొసగు మోనే ఆనకట్టను కూల్చుటెట్లు? ఆకాశమునుండి వేసిన బాంబు గురి తప్పును. నీట టార్పీడోలకు అడ్డముగ వలలున్నవి. గోడకు ఆనుకొని నీటి అడుగున ప్రేలినచో, చుట్టునున్న నీరే ఆ బలమును గోడపైకి నెట్టును. కాని అచటికి చేర్చు మార్గమేది? 1942లో వాలిస్ తన యింటి ఆవరణలో తొట్టినిండ నీరు పోసి, పిల్లల గోళీలను ఉండేలువంటి సాధనముతో దానిపై గెంతించి చూచెను. తుదకు తేలినదేమనగా: పీపా ఆకారముగల బాంబును విడుచుటకు ముందే నిమిషమునకు 500 చుట్లు వెనుకకు త్రిప్పవలెను. అట్లు తిరుగుచు అది వలలను గెంతి దాటును. గోడను తాకిన పిదప దూరముగ పోక, దానినంటి అడుగునకు దిగును. బరువు నాలుగు టన్నులకు మించినది. విడువవలసిన ఎత్తు 60 అడుగులే. అధికారులు మొదట నమ్మకపోవుటలో వింత లేదు.

1943 మే 16వ తేదీ రాత్రి 19 లాంకాస్టర్ విమానములు, 133 మంది వైమానికులు బయలుదేరిరి. మోనే, ఏడర్ ఆనకట్టలు రెండును తెగెను. తెల్లవారునప్పటికి 8 విమానములు మరలి రాలేదు. 53 మంది మరణించిరి. అది విని వాలిస్ కన్నీరు మున్నీరుగ విలపించెను. వరదలో 1,300 మందికి పైగా కొట్టుకొనిపోయిరి. వారిలో పెక్కురు బలవంతముగ పనికి తేబడిన పరదేశ స్త్రీలు, యుద్ధఖైదీలు. విజయగాథలు చెప్పువారు ఈ లెక్కను తరచు విడిచిపెట్టుదురు.

యుద్ధానంతరము, ఎగురుచునే రెక్కలు మడుచుకొను విమానముల పరిశోధనకు వాలిస్ పూనుకొనెను. తన ప్రయోగములకు మరియొక యువకుడు బలియగుట సహింపక, మనిషి లేకయే ఎగురు నమూనాలతో పరీక్షలు సాగించెను. 1951లో ప్రభుత్వము ఆవిష్కర్తలకొసగు పారితోషికముగ 10,000 పౌనులు లభించెను. 1968లో సర్ బిరుదము వచ్చెను. 1979 అక్టోబరు 30వ తేదీన, తొంబదిరెండవ యేట కన్నుమూసెను.

ఆ పదివేల పౌనులలో ఒక్కటియు తనకై ఉంచుకొనలేదు. యుద్ధసేవలో మరణించిన, క్షతగాత్రులైన వైమానికుల బిడ్డలు తాను చదివిన పాఠశాలలోనే చదువుకొనుటకై యంతయు నిచ్చివేసెను.