పిచ్చిమొక్కల పండితుడు: జార్జి వాషింగ్టన్ కార్వరు

వానకారు ప్రవేశించిన కొలది దినములకే మన పొలముల గట్లు పచ్చబడును. ఎవరును విత్తకుండ, నీరు పెట్టకుండ మొలచిన ఆ మొక్కలను చూచి రైతు కలుపు అనును. కలుపు తీయవచ్చిన కూలిస్త్రీ వానిలో నాలుగు ఆకులను ఒడిలో వేసికొని కూర అనును. మొక్క ఒక్కటియే, చూపులు రెండు. ఈ రెండవ చూపును బాల్యముననే అలవరచుకొని, దానిని శాస్త్రముగా పెంచి, బీదవారి పొయ్యి కడకు తిరిగి చేర్చిన యొక మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచ్చట తెలుపదలచితిమి. ఆయన పేరు జార్జి వాషింగ్టన్ కార్వరు. వేరుసెనగను గూర్చి కృషిచేసినవాడని ఆయనను చాలమంది యెరుగుదురు. కాని వేరుసెనగకు ముందును, తరువాతను ఆయన మనస్సును విడువనివి అడవిమొక్కలు.

కార్వరు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిస్సోరి రాష్ట్రమున, డైమండు అను పల్లెకు సమీపమున, మోజెస్ కార్వరు అను రైతు క్షేత్రములో ఒక బానిసస్త్రీకి జన్మించెను. పుట్టిన దినమును ఎవరును వ్రాసి యుంచలేదు. అది సుమారు 1864వ సంవత్సరమని యెంచుదురు. అప్పుడా దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము జరుగుచుండెను. బందిపోటు దండొకటి ఆ క్షేత్రముపై బడి, తల్లియైన మేరీని, పసికందైన జార్జిని ఎత్తుకొనిపోయెను. యజమాని పంపిన మనుష్యుడు బిడ్డను మాత్రము తిరిగి తేగలిగెను. తల్లి జాడ మరల తెలియలేదు. తండ్రి అంతకు ముందే ప్రమాదమున మరణించెనని చెప్పుదురు. 1865లో దాస్యము రద్దయిన పిమ్మట జార్జిని, వాని అన్నయగు జేమ్సును మోజెస్ దంపతులు తమ యింటనే పెంచిరి.

జార్జి బలహీనుడు. కోరింతదగ్గు మొదలగు వ్యాధులచే నలిగి, కంఠస్వరము సన్నబడి, అరకపనికి తగకుండెను. కావున ఇంటి యజమానురాలగు సూసాను వానికి వంట, కుట్టుపని, బట్టలుతుకుట నేర్పెను. ఆ పనులు తీరిన తరువాత బాలుడు అడవిలోనికి పోవుచుండెను. కనబడిన ప్రతి మొక్కను పెరికి తెచ్చి, పొదలచాటున తానొక్కడే యెరిగిన చిన్న తోటలో నాటుచుండెను. ఏ మొక్కకు నీడ కావలెనో, దేనికి ఎండ కావలెనో అచ్చటనే తెలిసికొనెను. ఇరుగుపొరుగువారు వాడిపోయిన పూలమొక్కలను వానియొద్దకు తెచ్చి బాగుచేయించుకొని, వానికి మొక్కల వైద్యుడని పేరు పెట్టిరి. పనికిరాని పిల్లవాడని యెంచబడిన వానికి పనికిరానివని యెంచబడిన మొక్కలే తొలి గురువులైనవి.

సమీపమందలి పాఠశాలలో నల్లజాతి పిల్లలకు ప్రవేశము లేకుండెను. అందుచే జార్జి ఇల్లు విడిచి, నల్లజాతి పిల్లలకు బడియున్న నియోషో పట్టణమునకు నడచిపోయెను. అచ్చట మరియా వాట్కిన్సు అను నల్లజాతి స్త్రీ, ఆమె భర్త ఆండ్రూ వానిని చేరదీసిరి. మరియా మంత్రసానిగాను, చాకలిపని చేయుచును జీవించునది. ఆమెకు అడవి మూలికల గుణములు బాగుగా తెలియును. బాలుడు బడిలో అక్షరములను, ఆమె వెంట మూలికలను నేర్చెను. తరువాత పెద్ద కళాశాలలలో ఆయన సంపాదించిన విద్యకు పునాది ఈ తల్లి చేతి సంచిలోని ఆకులనుట అతిశయోక్తి కాదని మా అభిప్రాయము.

అటుపిమ్మట ఆయన కాన్సాస్ రాష్ట్రమున ఊరూర వంటపని, చాకలిపని చేసికొనుచు చదివెను. 1879లో ఫోర్టు స్కాటు పట్టణమున ఒక నల్లజాతి మనుష్యుని అల్లరిమూక చంపుట కన్నులార చూచి, ఆ యూరు విడిచిపోయెను. 1885లో హైలాండు కళాశాల ఉత్తరము ద్వారా ఆయనకు ప్రవేశమిచ్చి, తీరా ద్వారము వద్దకు వచ్చిన పిమ్మట మేనిచాయను చూచి త్రోసిపుచ్చెను. ఐదేండ్లు గడచిన తరువాత, 1890లో, అయోవా రాష్ట్రమందలి సింప్సను కళాశాల ఆయనను చేర్చుకొనెను. అచ్చట చిత్రలేఖనము నేర్పిన ఎట్టా బడ్డు అను ఉపాధ్యాయిని, ఆయన మొక్కలను చిత్రించు తీరు చూచి, వృక్షశాస్త్రము నభ్యసింపుమని ప్రోత్సహించెను. 1891లో ఏమ్సు నగరమందలి వ్యవసాయ కళాశాలలో చేరి, 1894లో పట్టమును, 1896లో ఉన్నత పట్టమును పొందెను. ఆ కళాశాలలో తొలి నల్లజాతి విద్యార్థియు, తొలి నల్లజాతి బోధకుడును ఆయనయే.

ఏమ్సులో ఆచార్య పామెల్ కడ ఆయన ముఖ్యముగా శిలీంధ్రములను పరిశీలించెను. పుట్టగొడుగులును, పైరులకు తెగుళ్లు తెచ్చు సూక్ష్మమగు బూజులును ఈ వర్గమునకే చెందును. అతిస్వల్ప భేదములను గుర్తింపనివానికి ఈ విద్య పట్టుపడదు. కార్వరు దృష్టి యెంత సునిశితమైనదనగా, ఆయన సేకరించిన కొన్ని శిలీంధ్రములకు పండితులు ఆయన పేరే పెట్టిరి. 1935లో అమెరికా వ్యవసాయశాఖ వారు శిలీంధ్రముల, మొక్కల తెగుళ్ల పరిశీలనలో ఆయనను తమ సహకారిగా నియమించిరి.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు నందుకొని, ఆయన అలబామా రాష్ట్రమందలి టస్కీగీ విద్యాలయమునకు వచ్చెను. అచ్చటి నేల ప్రత్తి పైరుచే పీల్చబడి, వానలకు కోసుకొనిపోయి యుండెను. దాస్యము పోయినను నల్లజాతి కౌలురైతులకు అప్పు పోలేదు. అప్పిచ్చిన దుకాణదారునకు కావలసినది ప్రత్తి. కనుక గుమ్మము వరకు ప్రత్తియే వేసిరి, కూరపాదునకు చోటు లేకపోయెను. వారి తిండి ఉప్పువేసిన క్రొవ్వు మాంసము, మొక్కజొన్న పిండి, బెల్లపు పాకము. ఇట్టి తిండివలన దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రా అను వ్యాధి వ్యాపించెను. అది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమువలన కలుగునదనియు జోసెఫ్ గోల్డ్‌బెర్గరు అను వైద్యుడు 1914 తరువాత చేసిన పరిశోధనలచే నిరూపించెను. చేతిలో కాసు లేనివాడు మంచి ఆహారమును ఎచ్చటనుండి తెచ్చుకొనగలడు? ఈ ప్రశ్నయే కార్వరు జీవితమునకు ముఖ్యమైన ప్రశ్న యయ్యెను.

ఆయన ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి అడవికి పోయెడివాడు. తిరిగి వచ్చునప్పుడు చేతినిండ మొక్కలు, కోటుబొత్తాముకంతలో ఒక పువ్వు ఉండును. ప్రయోగశాలకు ధనము లేకపోగా, శిష్యులతో చెత్తకుప్పలు వెదకి, పగిలిన సీసాలను, పాత గిన్నెలను తెచ్చి పరికరములుగా చేసెను. ఎరువు కొనలేని రైతునకు అడవిలో రాలిన ఆకును, చిత్తడినేలల బురదను చూపెను. 1898లో వెలువడిన తొలి కరపత్రము ఓకు చెట్ల క్రింద రాలి వ్యర్థమగు కాయలను పశువులకు మేపు విధమును గూర్చినది. 1906లో ఒక బండిలో పనిముట్లను, మాదిరులను అమర్చి, విద్యను రైతుల వాకిళ్లకు పంపు ఏర్పాటు చేసిరి. 1917లో అడవి ప్లము పండ్లను చెడకుండ వాడుకొనుటకు 43 విధములను తెలుపు పుస్తకమును ప్రకటించెను.

పండ్లకంటె నిత్యము దొరకునవి ఆకులు. కార్వరు ప్రత్తిచేల నడుమ, కంచెల వెంబడి మొలచు మొక్కలను జనులకు చూపి, వండి రుచిచూపెను. వానిలో డాండెలయను అను పచ్చని పూవుల మొక్క ఒకటి. మన చుక్కకూర జాతికి చెందిన డాకు అనునది మరియొకటి. అన్నిటికంటె మనకు వింతగొలుపునది, గొఱ్ఱెపిల్ల పేరుతో వారు పిలుచుకొను మొక్క. అది వేరేమియు కాదు; మన తెలుగునాట పప్పులో వేసికొను పప్పుకూరయే. అలబామా నల్లరైతు చేలో పెరికి పారవేసిన మొక్కయు, మన తల్లులు ఏరి తెచ్చుకొను మొక్కయు ఒక్కటియే యని తెలిసినప్పుడు మాకు ఆ దేశము దూరముగా తోపలేదు. ఆహారవిషయమున ఆయనకు గల శ్రద్ధ మన దేశము వరకు వచ్చెను. 1929లో సి. ఎఫ్. ఆండ్రూసు టస్కీగీని సందర్శించిన సందర్భమున, కార్వరు గాంధీ మహాత్మునకు ఆహారమును గూర్చి సలహాలు వ్రాసి పంపెను.

అయినను కనబడిన ప్రతి ఆకును తినుమని ఆయన బోధింపలేదు. ఆయన మెచ్చిన కూరలలో పోకు అనునది యొకటి. దాని వేరును, పండ్లును విషము. లేత చిగుళ్లను మాత్రమే కోసి, ఉడికించి, ఆ నీరు పారబోసి, మరల ఉడికించి తినవలెను. తెలిసినవానికి అది కూర, తెలియనివానికి రోగము. పుట్టగొడుగుల విషయమున ఈ భేదము ప్రాణాంతకము. మన యెడ తొలకరికి లేచు పుట్టగొడుగులలో తినదగినవియు, ప్రాణము తీయునవియు ఒకదాని ప్రక్క నొకటి ఉండవచ్చును, ఒకదానినొకటి పోలియుండవచ్చును. ఉడికించినచో ప్రతి విషమును విరుగుననియు, పురుగు తిన్నది మనుష్యునకు హానిచేయదనియు తలచుట పొరపాటు. బాగుగా ఎరిగిన పెద్దలు నిశ్చయముగా చెప్పనిదానిని నోట పెట్టకుండుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

1916లో వేరుసెనగను గూర్చిన కరపత్రమును, 1921లో అమెరికా శాసనసభాసంఘము ఎదుట చేసిన ప్రసంగమును ఆయనకు దేశవ్యాప్తమగు కీర్తిని తెచ్చెను. ఆ కీర్తితోపాటు కొన్ని కట్టుకథలును పుట్టెను. వేరుసెనగ వెన్నను ఆయనయే కనిపెట్టెనను మాట నిజము కాదు. మహనీయులకు లేని గొప్పలను కట్టబెట్టుట వారికి గౌరవము కాదని మేము తలచుచున్నాము. మరియొక సత్యమును కూడ చెప్పవలెను. ఆకుకూర ఆకలిని తీర్చునుగాని అప్పును తీర్చదు. కౌలురైతును పీడించిన లెక్కలను, వర్ణభేదపు చట్టములను కార్వరు పోరి తొలగింపలేదు. ఆ పోరాటమును ఇతరులు చేసిరి. ఆయన చేసినది వేరు. రేపటి న్యాయము కొరకు ఎదురుచూచు ఇంటిలో నేటి పూట కుండలో ఏమి వేయవలెనో ఆయన చూపెను.

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. 1942లో, ముదిమిచే నడుము వంగిన కార్వరు తన 43వ కరపత్రమును ప్రకటించెను. అందు ఆయన పారిశ్రామిక రహస్యములను వ్రాయలేదు. ఎవరును విత్తని అడవికూరలను గుర్తించి వండుకొను రీతిని వ్రాసెను. బాల్యమున పొదలచాటున నాటుకొన్న తోటనే ముసలితనమున దేశమంతటికిని పంచిపెట్టెనని చెప్పవచ్చును. 1943 జనవరి 5వ తేదీన టస్కీగీలో కన్నుమూసెను. పెండ్లి లేదు, బిడ్డలు లేరు. జీవితాంతము కూడబెట్టిన సొమ్మును పరిశోధనకొరకు నెలకొల్పిన నిధికి ముందే ఇచ్చివేసెను. ఆయన పుట్టిన క్షేత్రమును ఆ సంవత్సరమే జాతీయ స్మారకముగా చేయుటకు అమెరికా ప్రభుత్వము శాసించెను.

బాలబాలికలారా! మీ యిండ్లలో మరియా వాట్కిన్సు వంటి అవ్వలు, అమ్మమ్మలు కలరు. గంగపాయలకూర, పొనగంటికూర, చెంచలికూర, అటికమామిడి, తుమ్మికూర మున్నగు పేర్లు వారి నోట ఉన్నవి. మీ నోట్లపుస్తకములలో లేవు. వారు చదువుకొననివారని వారి విద్యను తక్కువగా చూడకుడు. ఈ సెలవులలో వారి వెంట నడచి, ఒక్కొక్క మొక్క పేరును, ఆకు ఆకారమును, పూచు కాలమును, వండు విధమును వ్రాసికొనుడు. ఆకు నొకటి ఎండబెట్టి ఆ పుటలో అంటింపుడు. సందేహము కలిగినచో వృక్షశాస్త్రము తెలిసిన ఉపాధ్యాయునకు చూపుడు. ఆ అవ్వలు పోయినచో వారితో ఆ పేర్లును పోవును. ఆ పేర్లను నిలుపు పని ఇప్పుడు మీదే.