చాదర్‌ఘాట్ బడి ప్రిన్సిపాల్ పిక్తాల్ సాహెబ్

మన ఇండ్లలో కొన్నింట ఖురాన్ షరీఫ్ ఇంగ్లీషు అనువాదం కనిపిస్తుంది. దాని అట్ట మీద పిక్తాల్ అనే పేరు ఉంటుంది. ఆ పేరు చూసి, ఎవరో దొర లండన్‌లో కూర్చుని రాసి ఉంటాడు అనుకునేవారే ఎక్కువ. ఆ దొర మన హైదరాబాదులో పదేళ్లు బడి నడిపారనీ, నిజాం సర్కారు ఇచ్చిన సెలవు జీతం మీద ఆ గ్రంథం పూర్తయిందనీ చెబితే నమ్మలేనట్టు చూస్తారు. అందుకే ఈ సంచికలో మరహూం మహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ సాహెబ్ జీవితాన్ని మన పాఠకులకు, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు, వాళ్లకు చదువు చెప్పే మాస్టర్లకు వినిపించాలని అనుకున్నాం.

ఆయన 1875 ఏప్రిల్ 7న లండన్‌లో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతగురువు. ఆయన చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. హారో అనే పేరున్న బడిలో వేశారు. తర్వాత ఇంగ్లాండు ప్రధానమంత్రి అయిన చర్చిల్ కూడా ఆ రోజుల్లో అదే బడిలో చదివేవాడు. పిక్తాల్‌కు ఆ బడి అచ్చిరాలేదు. తూర్పు దేశాల్లో ఇంగ్లాండు సర్కారు కొలువు కోసం పరీక్ష రాస్తే అందులోనూ ఉద్యోగం రాలేదు. ఇక్కడ మన పిల్లలు ఒక్క క్షణం ఆగాలి. పరీక్ష పోయిందని ఇంట్లో ముసుగు తన్ని పడుకునేవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఆ కుర్రవాడు మాత్రం 1894లో ఓడ ఎక్కి ఈజిప్టు, పాలస్తీనా, సిరియాల దారి పట్టాడు. గుర్రం మీద ఊళ్లు తిరిగాడు. సామాన్య జనంతో కలిసి తిని, తిరిగి, వాళ్ల నోటి నుంచి అరబ్బీ నేర్చుకున్నాడు. ఏ పరీక్ష ఇవ్వని చదువు ఆ ప్రయాణం ఇచ్చింది.

డమాస్కస్‌లో ఒక ముచ్చట జరిగింది. అక్కడి ఉమయ్యద్ మసీదులో ఒక వృద్ధ షేఖ్ దగ్గర ఆయన అరబ్బీ చదివేవారు. ఇస్లాం మీద మనసు పోయి, కలిమా చదువుతానని గురువుతో అన్నారు. వేరే ఎవరైనా అయితే సంతోషంగా వెంటనే చదివించేవారే. ఆ షేఖ్ ఆపేశారు. ఇంటి దగ్గర తల్లి ఉన్నది, ఆమె సంగతి ఆలోచించు, వయసు వచ్చాక నిదానంగా నిర్ణయించుకో అని నచ్చజెప్పి పంపారు. శిష్యుడి ఆవేశాన్ని వాడుకోకుండా అతని మేలు చూసిన గురువు ఆయన. ఆ మాట పిక్తాల్ మనసులో జీవితమంతా నిలిచిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, 1917 నవంబరులో, లండన్ ముస్లింల సభలో ఆయన బాహాటంగా ఇస్లాం స్వీకరించారు. అప్పటికి ఆయన వయసు 42. ఆ నాటికే నవలాకారుడిగా పేరు గడించారు. 1903లో వచ్చిన సయీద్ అనే బెస్తవాని కథ ఆయనకు ఎంతో కీర్తి తెచ్చింది. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. టర్కీ ఇంగ్లాండుకు శత్రువు. టర్కీ పక్షాన మాట్లాడడమంటే సొంత జనానికి దూరం కావడమే. ఆయన దానికీ సిద్ధపడ్డారు.

1920లో బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. బొంబాయి క్రానికల్ అనే జాతీయవాద పత్రిక అది. ఫిరోజ్‌షా మెహతా 1913లో స్థాపించారు. దాని సంపాదకుడు హార్నిమన్‌ను 1919లో ఇంగ్లీషు సర్కారు దేశం నుంచి పంపించేసింది. ఆ కుర్చీలో మరో ఇంగ్లీషువాడైన పిక్తాల్ కూర్చున్నారు. ఖిలాఫత్ ఉద్యమం, గాంధీజీ సహాయ నిరాకరణ జోరుగా సాగుతున్న రోజులు. ఆయన ఖద్దరు కట్టారు, ఉర్దూ నేర్చుకున్నారు, హిందూ ముస్లిం ఐక్యత కోసం కలం పట్టారు. 1924లో ఒక కోర్టు కేసులో పత్రిక మీద పెద్ద జరిమానా పడింది. దాని తర్వాత ఆయన ఉద్యోగం వదులుకున్నారు. అప్పుడు వయసు 49. సొంత దేశానికి కానివాడు, చేతిలో కొలువు లేదు.

ఆ సమయంలో నిజాం రాజ్యం ఆయనను పిలిచింది. 1925 జనవరిలో హైదరాబాదుకు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా చేరారు. ఇప్పుడు మనం కోఠి నుంచి మలక్‌పేటకు పోయేటప్పుడు మూసీ దాటే చోటే ఆ చాదర్‌ఘాట్. అప్పుడు మన ప్రాంతం ఆదిలాబాదు జిల్లాలో, అదే నిజాం రాజ్యంలో ఉండేది. మందమర్రి బాయిలు ఇంకా తెరవనే లేదు. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో సాగుతున్నది. ఇంగ్లీషు మాత్రం తప్పనిసరి పాఠంగా ఉండేది. సొంత భాషలో జ్ఞానం, ఇంగ్లీషులో ప్రపంచంతో మాట, రెండూ కావాలన్నది ఆ ఏర్పాటు. అటువంటి చోటికి ఇంగ్లీషు తల్లిభాషగా ఉండి, అరబ్బీ, ఉర్దూ కష్టపడి నేర్చుకున్న మనిషి బడి పెద్దగా రావడం మంచి పొత్తు కుదిరినట్టే. భాష నేర్చుకోవడంలోని బాధ ఆయనకు తెలుసు. ఆ బాధ తెలిసిన పంతులే పిల్లవాని తప్పును ఓపికగా దిద్దగలడు.

బడి పని చూస్తూనే ఇంకో బరువు తల మీద వేసుకున్నారు. 1927 జనవరిలో హైదరాబాదు నుంచి ఇస్లామిక్ కల్చర్ అనే మూడు నెలల పత్రిక మొదలైంది. దానికి సంపాదకుడు ఆయనే. ముస్లిం పండితులవే కాక యూరపు పండితుల వ్యాసాలు కూడా వేసేవారు. ప్రవక్త మహమ్మద్ (స) వారి తొలి జీవిత చరిత్రలు ఎవరెవరు రాశారో పరిశోధించిన యూదు పండితుడు హొరోవిట్జ్ వ్యాసాలను జర్మను నుంచి పిక్తాలే స్వయంగా ఇంగ్లీషు చేసి అచ్చువేశారు. రాసినవాడు మనవాడా కాదా అని చూడలేదు, విషయం నిక్కమా కాదా అని చూశారు. అదే 1927లో మద్రాసులో ఇస్లాం సంస్కృతి మీద ఉపన్యాసాలు ఇచ్చారు. అజ్ఞానాన్నీ, ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య చదువు లేకుండా ఉంచడాన్నీ మతం పేరు మీద సమర్థించుకోవడం తప్పని మన మొహం మీదనే చెప్పారు. పొగడ్త కోసం పిలిచినచోట కూడా దిద్దుబాటు మానలేదు.

ఇక పెద్ద పని ఖురాన్ అనువాదం. దాని కోసం 1928లో నిజాం ప్రభుత్వం ఆయనకు పూర్తి జీతంతో రెండేళ్ల సెలవు ఇచ్చింది. అనువాదం పూర్తయిన తర్వాత నేరుగా అచ్చుకు ఇవ్వవచ్చు. ఇంగ్లీషులో ఆయనకు దిద్దేవాడు ఎవడు? కానీ అర్థంలో తప్పు పోతే అది లక్షల మందికి చేరుతుంది. అందుకని 1929లో రాతప్రతి పట్టుకుని కైరో వెళ్లారు. అక్కడి ఆలిములలో ఖురాన్‌ను వేరే భాషలోకి మార్చడమే కూడదనేవారు చాలామంది ఉన్నారు. ఎన్నేళ్ల శ్రమో కాదనిపించుకునే ప్రమాదం ఉన్నది. అయినా వెళ్లారు. లండన్‌లో చదివివచ్చిన గమ్రావీ అనే రసాయన శాస్త్ర అధ్యాపకుని పక్కన కూర్చుని మాట మాట సరిచూసుకున్నారు. యాభై నాలుగేళ్ల పేరున్న రచయిత విద్యార్థిలాగా తన కాపీని దిద్దించుకున్నారు. చివరకు 1930 డిసెంబరులో గ్రంథం వెలువడింది. దానికి ఖురాన్ అని పేరు పెట్టలేదు. ఖురాన్ అర్థం అనే పెట్టారు. మూలం అరబ్బీదే, తనది అర్థం చెప్పే ప్రయత్నం మాత్రమే అని అట్ట మీదనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత 1938లో హైదరాబాదు సర్కారు ముద్రణాలయంలో అరబ్బీ మూలంతో పాటు అచ్చయింది. అది చూడడానికి ఆయన లేరు.

1935 జనవరిలో పదవీ విరమణ చేసి ఇంగ్లాండు వెళ్లిపోయారు. 1936 మే 19న కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో కన్నుమూశారు. లండన్‌కు దగ్గర బ్రూక్‌వుడ్ ముస్లిం ఖబరస్తాన్‌లో ఆయనను దఫన్ చేశారు. ఖురాన్‌ను ఇంగ్లీషు చేసిన మరో మహనీయుడు అబ్దుల్లా యూసుఫ్ అలీ 1953లో చనిపోతే ఆయనకూ అదే ఖబరస్తాన్‌లో చోటు దొరికింది.

ఈ జీవితం నుంచి మనకేమిటి? మనది బొగ్గు ఊరు. మొదటి షిఫ్టు బస్సు కోసం తెల్లవారుజామున లేచే అబ్బాలు, డబ్బా కట్టే అమ్మీలు మన ఇంటింటా ఉన్నారు. అబ్బా బాయి కొలువు మనకొస్తదిలే అన్న ధీమాతో పుస్తకం మూలకు పడేసిన కొడుకులూ ఉన్నారు. ఇంగ్లీషు అంటే భయపడి పదో తరగతి దగ్గరే ఆగిపోయే పిల్లలూ ఉన్నారు. వాళ్లకు మేము చెప్పేది ఒక్కటే. పరీక్ష తప్పినవాడు ప్రిన్సిపాల్ అయ్యాడు, పరాయి భాష నేర్చుకున్నవాడు ఆ భాషలోని గ్రంథాన్ని ప్రపంచానికి అందించాడు. నడుమ ఉన్నది తెలివి ఒక్కటే కాదు, తప్పు దిద్దించుకునే గుణం. కాపీలో ఎర్ర సిరా గీత చూసి సిగ్గుపడవద్దు. కైరో దాకా పోయి ఎర్ర గీతలు అడిగి తెచ్చుకున్న మనిషిని గుర్తు చేసుకోండి.

మాస్టర్లకూ ఒక మనవి. ఆ గీత గీసేటప్పుడు డమాస్కస్ షేఖ్‌ను తలుచుకోండి. పిల్లవాడు మీ దగ్గరికి వచ్చినప్పుడు వాని ఇంటిని, వాని తల్లిని కూడా కలిపి చూడండి. తొందరపెట్టకుండా నేర్పిన మాట ఎంత దూరం పోతుందో పిక్తాల్ సాహెబ్ జీవితమే సాక్ష్యం.

అల్లాహ్ ఆ మహనీయుని మగ్ఫిరత్ చేయుగాక. మన పిల్లలకు చదువు మీద ప్రేమనూ, మనకు వారిని చదివించే ఓపికనూ ప్రసాదించుగాక. ఆమీన్.