చీమలను చదివిన వైద్యుడు: డాక్టర్ జెర్డన్

అల్లూరు పరిసరాలలో కోతలు ముగిసి, కళ్లాలు ఎత్తివేసిన తరువాత పొలం గట్ల వెంబడి నడిచేవారికి ఒక దృశ్యం తరచు కనబడుతుంది. చీమలు బారులు తీరి, తమ దేహం కంటె పెద్దవైన గడ్డిగింజలను నోట కరచుకొని పుట్టవైపు సాగిపోతుంటాయి. వాన వెలిసిన మరునాడు అవే గింజలు పుట్ట ముంగిట ఎండకు పరచి ఉంటాయి. పశువులు కాచుకొనే పిల్లవానికి సైతం తెలిసిన సంగతి ఇది. ఒకనాడు మాతో నడుస్తున్న విద్యార్థి ఒకడు ఈ చీమ పేరేమిటని అడిగాడు. చలిచీమ, గండుచీమ, ఎర్రచీమ అనే మూడు మాటలను దాటి మా ఎం.ఏ. పట్టా మమ్ములను ముందుకు తీసుకొనిపోలేదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోగా మా కంటబడిన పేరు డాక్టర్ థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఆయన మన నెల్లూరులోనే ప్రభుత్వ వైద్యుడుగా పనిచేసినవాడని తెలిసినప్పుడు మేము ఆశ్చర్యపడ్డాము, కొంత సిగ్గుపడ్డాము కూడా.

జెర్డన్ 1811వ సంవత్సరంలో ఇంగ్లండులోని డర్హం మండలంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ శస్త్రవైద్యుడుగా 1836లో మద్రాసు చేరాడు. మొదట గంజాం ప్రాంతంలో జ్వరాలతోను, విరేచనాలతోను బాధపడే సైనికులకు చికిత్స చేశాడు. పిదప అశ్విక దళంతో తిరుచిరాపల్లి వెళ్లాడు. 1841లో వివాహమయింది. దళం ఎక్కడికి కదిలితే వైద్యుడూ అక్కడికే కదలాలి గదా! ఆ ప్రయాణాలనే ఆయన తన పాఠశాలగా మార్చుకున్నాడు. సేకరించిన పక్షులను గుర్తించి పేర్లు తెలుపవలసిందిగా స్కాట్లండులోని ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు జార్డిన్‌కు పంపగా, అవి అక్కడికి చేరేసరికే పురుగులు తినివేశాయి. ఇక పరాయివారిపై ఆధారపడక తానే పట్టికలు సిద్ధం చేసి మద్రాసు పత్రికలో ప్రకటించసాగాడు. ఆ పురుగులు మన దేశానికి ఒక విధంగా మేలే చేశాయని మా అభిప్రాయం.

1840వ దశాబ్దంలో ఆయన నెల్లూరులో ఉన్నాడు. ఇక్కడ ఆయనకు లభించిన గురువులు యానాదులు. అడుగుజాడను బట్టి జంతువును, కూతను బట్టి పక్షిని చెప్పగల ఆ అడవిబిడ్డల వద్ద ఆయన స్థానిక నామాలను, జీవుల నడవడిని తెలుసుకున్నాడు. ఆయన రచించిన భారత పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు అంత విరివిగా కనిపించడం ఊరక జరిగినది కాదు. అయితే ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. పక్షికి జెర్డన్ పేరు దక్కింది. దాని జాడ తెలిసిన యానాదికి ఏమీ దక్కలేదు. ఇది ఆయన ఒక్కని దోషమని మేము అనము, ఆ కాలపు రివాజు అది.

పక్షులవలన కీర్తి పొందిన ఈ మనిషి 1851లో దక్షిణ భారత చీమల పట్టికనొకదానిని మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించాడు. నాటికి ఈ ప్రాంతపు చీమలను ఇంత శ్రద్ధగా పరిశీలించినవారు బహు అరుదు. చీమను గుర్తించడానికి రంగు చాలదు. దాని ఛాతీకి పొట్టకు నడుమనున్న కణుపు ఒకటా, రెండా అని చూడాలి. దవడ ఆకారం, మీసాల కట్టు చూడాలి. వీటితో పాటు అది ఎక్కడ గూడు కడుతుందో, ఏమి తింటుందో, కదిలిస్తే ఏమి చేస్తుందో కూడా జెర్డన్ వ్రాసి ఉంచాడు. దండుగా కదలి చెదపురుగులపై దాడి చేసే నల్లచీమకు బారులు తీరేదని అర్థం వచ్చేటట్లు పేరు పెట్టాడు. ఒకే పుట్టలో ఆవగింజంతది మొదలు దానికి ఎన్నో రెట్లున్న పెద్దతల కూలి వరకు ఉండే మరొక జాతికి ఆ వైవిధ్యాన్నే పేరుగా ఇచ్చాడు. ఈ పేర్లు నేటికీ చెల్లుబాటులో ఉన్నాయి.

కాని మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది గింజల చీమలను గురించి ఆయన చెప్పినది. చీమ కోతకాలంలో ఆహారం కూడబెడుతుందని సొలొమోను సామెతలు చెబుతాయి. ఆ సులైమాన్ ప్రవక్త సేన చీమల లోయకు వచ్చిన ఉదంతం ఖుర్ఆన్‌లో ఉన్నది. ఆ అధ్యాయానికి చీమ అనే అర్థమిచ్చే నమ్ల్ అనే పేరు. గ్రీకు కథలలోనూ ఇదే మాట. అయినను ఐరోపా పండితులు ఇదంతా కట్టుకథ అన్నారు. చీమలు మోసుకుపోయే తమ పిల్లల గూళ్లను చూచి పూర్వులు ధాన్యమని భ్రమించారని తీర్పు చెప్పారు. వారు చూచినవి చలిదేశపు చీమలు. శీతకాలమంతా మొద్దునిద్రలో ఉండేవాటికి గాదెలతో పనేమి? పూనాలో కర్నల్ సైక్స్ చీమలు గడ్డిగింజలను ఎండబెట్టడం చూచి వ్రాశాడు. జెర్డన్‌కు ఆ సాక్ష్యం తన ఇంటిలోనే దొరికింది. తోటలో క్యాబేజీ, ముల్లంగి, క్యారెట్ విత్తనాలు చల్లితే చీమలు ఎత్తుకుపోయేవి. తేలికైన లెట్యూస్ విత్తనాలంటే వాటికి మరీ ప్రీతి. కుండీలను వ్రేలాడదీయకపోతే ఒక్క రాత్రిలో అన్నీ మాయమయ్యేవి. గదిలో దాచిన పొట్లాలు సైతం ఆయన గమనించేలోపలే ఖాళీ అయ్యాయి. ఇంత చూచి కూడా, వాటిని అవి తింటాయో, పిల్లలకు పెడతాయో తనకు తెలియదని నిజాయితీగా వ్రాశాడు. విత్తనాలు పోగొట్టుకున్న తోటయజమాని కోపం ఆ రచనలో లేదు.

ఆయన వర్ణించిన మరొక జాతి ఎగిరే చీమ. రెక్కలతో కాదు, కాళ్లతో గంతువేసి ఎరను పట్టే చీమ. పొడవైన దవడలు, పెద్ద కన్నులు గల ఈ జీవికి ఆయన కొత్త ప్రజాతినే కల్పించాడు. ప్రపంచంలో మొట్టమొదట జన్యుక్రమాన్ని పూర్తిగా చదివిన రెండు చీమ జాతులలో ఇది ఒకటి. ఆ పరిశోధన 2010లో వెలువడింది. రాణి మరణిస్తే కూలిచీమలే పోటీపడి గ్రుడ్లు పెట్టే స్థానానికి ఎదుగుతాయని, అప్పుడు వాటి మెదడు కుంచించుకుపోతుందని, తిరిగి కూలి పనికి దిగితే మరల పెరుగుతుందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

జెర్డన్ మూడు సంపుటాల పక్షి గ్రంథం 1862-64 మధ్య వచ్చింది. క్షీరదాల గ్రంథం 1867లో. స్వదేశం చేరిన కొద్దికాలానికే, 1872 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం మాగ్రిడ్జ్ అనే యువకుడు దక్షిణ ఫ్రాన్సులో గింజలు కూడబెట్టే చీమలను చూచి పుస్తకం వెలువరించి, వెనుకటి సాక్ష్యాలలో జెర్డన్ పరిశీలనలను కూడా చేర్చాడు. పూర్వులు భ్రమించలేదని ఐరోపా అప్పుడు ఒప్పుకున్నది. ఆ గ్రంథాన్ని చూచే భాగ్యం జెర్డన్‌కు లేకపోయింది. మన తూర్పు కనుమల కలివికోడి ఆంగ్లంలో ఆయన పేరనే ప్రసిద్ధమయింది. 1900 తరువాత అదృశ్యమైన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో తిరిగి కనబడినప్పుడు, దానిని పట్టి శాస్త్రజ్ఞునికి అందించినవాడు మరల స్థానికుడే.

ఆయన చూచి వ్రాసిన చీమల నమూనాలు నేడు మిగలలేదు. మిగిలినవి మాటలే. మా విద్యార్థి అడిగిన చీమను కళాశాల ప్రయోగశాలలో భూతద్దం క్రింద ఉంచి, ఆ మాటలతో పోల్చి చూశాము. నడుమున కణుపులు రెండు ఉన్నాయి. తల ఎర్రగా, పెద్దదిగా ఉన్నది. అది ఇంకా గడ్డిగింజను వదలలేదు.